అన్న వచ్చేదాకా మైకు ఆపొద్దు

ఆ మధ్యాహ్నం షెడ్డులో పాత కారు ముందు తలుపు బార్లా తీసి ఉంది. అందులోంచి రెండు కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. కార్ల వైరింగు చేసే మనిషివి ఆ కాళ్ళు. చెవి మీద ఎప్పుడూ టెస్టరు పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి అతని పేరే టెస్టరు అయిపోయింది. డ్యాష్‌బోర్డు కిందికి తలకిందులుగా దూరి వైర్లు లాగుతున్నాడు.

పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో అన్న. అరవై ఆరేళ్ళొచ్చినా అందరికీ అన్నే. మనవడి వయసు వాళ్ళు కూడా అన్నా అనాల్సిందే, తాతా అంటే ముఖం మాడిపోతుంది. ఒకప్పుడు నూలు మిల్లు కార్మికుల నాయకుడు. ఇప్పుడు మూడు ఇళ్ళకు యజమాని. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెయ్యి గాల్లో ఊపి "చరిత్ర" అంటాడు.

ఈ కారు కూడా ఆ చరిత్రలోదే. గుండ్రటి వీపు, బరువైన తలుపులు, మీగడ రంగు. ఆరు వందల మంది కార్మికులు తలా కొంచెం వేసుకుని సంఘం కోసం కొన్నారు. పైన రెండు హారన్లు బిగించి సమ్మె నలభై ఒక్క రోజులూ వీధివీధీ తిప్పారు. సమ్మె ఓడింది, మిల్లు మూతపడింది, సంఘం చెల్లాచెదురైంది. కారు మాత్రం అన్న షెడ్డులోకి వచ్చి చేరింది. ఉద్యమ ఆస్తిని కాపాడుతున్నానని ముప్పై మూడేళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఇంతగా కాపాడాడు కాబట్టి కాగితాల్లో తన పేరే ఉంది.

ఈ సాయంత్రం ఆరింటికి సన్మానం. మిల్లు ఉన్న చోటే కట్టిన అద్దాల బజారులో, పై అంతస్తు హాల్లో. "శ్రామికుల గొంతు" అని చెక్కిన జ్ఞాపిక ఇస్తారట. ఇచ్చేది ఆ మిల్లు యజమాని కొడుకులే. అన్న ఇదే కారులో, పాత నినాదాలు మారుమోగుతుండగా దిగాలి. ఆహ్వానపత్రంలో అలాగే వేయించుకున్నాడు.

"అన్నా, పైన హారన్లు ఉత్త డొప్పలు. లోపల శబ్దం పుట్టించే గుండెకాయల్లేవు. కొత్తవి వేయించమంటారా?" లోపలి నుంచి టెస్టరు అడిగాడు.

"వద్దు. చూడ్డానికి ఉంటే చాలు. తలుపుల్లో స్పీకర్లు పెట్టావుగా?"

"అవి తుక్కు కారులోంచి పీకినవి. సౌండు పెంచే యాంపు కూడా వాడేసిందే. మీరిచ్చేదానికి అంతకంటే రాదు."

"ఒరేయ్, ఇది ఉద్యమం పని. నీ వంతు అనుకుని చెయ్యి."

"నా వంతు మా అమ్మే ఇచ్చేసిందన్నా, ఈ కారు కొన్నప్పుడు."

అన్న దగ్గాడు. ఇలాంటి మాటలు వినపడనట్టు దగ్గడం ఆయనకు అలవాటు.

డ్యాష్‌బోర్డు నడుమ, గుడ్డ జాలీ వెనకాల, మొదటినుంచీ ఉన్న పాత స్పీకరు ఒకటుంది. దాని వైర్లు రెండూ కత్తిరించి, కొసలకు నల్ల టేపు చుట్టి టెస్టరు బయటికొచ్చాడు. "ఇది పోయింది. దీన్ని ముట్టుకోకండి. ముందు వైపు సౌండు చాలకపోతే చెప్పండి, వేరేది చిన్నది వేస్తా."

"దానికి వేరే తీసుకుంటావా?"

"ఊరికే ఎవరిస్తారన్నా నాకు?"

"అయితే వద్దు."

పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కాడు. గరగర. తరువాత ఒక గొంతు. "చేతులు ఆగితే చక్రం ఆగుతుంది! ఎవరి చేతులు? మన చేతులు!" నిండు కుండలా గంభీరమైన గొంతు. షెడ్డు రేకులు కూడా అదిరాయి.

టెస్టరు చెవి మీది టెస్టరు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది మీ గొంతు కాదు కదా?"

"అప్పట్లో నా గొంతు అలా ఉండేది."

"ఇది లవంగం బాబాయిది."

"నువ్వప్పుడు చంటిపిల్లాడివి. నీకేం తెలుసు? అయిదున్నరకి వచ్చెయ్, బండి నువ్వే నడపాలి."

టెస్టరు ఆయన్ని పాత ఫ్యూజుని చూసినట్టు చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నినాదాలు మరోసారి వినాలని అన్న షట్టరు కిందికి లాగేశాడు. ఇరుగుపొరుగుకి ముందే తెలిస్తే సాయంత్రం మజా ఉండదు. బయట ఎండ మండిపోతోంది. లోపల మాత్రం చీకటి, షట్టరు కింద సందులోంచి పాకుతున్న సన్నటి వెలుగు తప్ప. కారులో కూర్చున్నాడు. పాత రెక్సిన్ వాసన, పెట్రోలు వాసన, ఎలుకలు కొరికిన దూది వాసన. సౌండు తలుపుల్లోంచే వస్తోంది. ముందు వైపు బోలుగా ఉంది. దిగే వేళకి గుండెలు అదిరిపోవాలి కదా!

డ్యాష్‌బోర్డు కింద నల్ల టేపు చుట్టిన రెండు వైర్లు వేలాడుతున్నాయి. అరలో పెట్టిన యాంపుకి రెండు రంధ్రాలు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆ రంధ్రాల పైన ఏవో చీమ అక్షరాలు రాసి ఉన్నాయి, కళ్ళజోడేమో ఇంట్లో ఉంది. ఖాళీ రంధ్రాలు రెండు, ఖాళీ వైర్లు రెండు. ఇంత చిన్న పనికి వాడెవడికో డబ్బు పొయ్యడమా? జీవితమంతా కూలి పెంచమని అరిచిన మనిషి, తన వాకిట్లోకొచ్చిన కూలీకి మాత్రం పైసా పెంచి ఎరగడు. టేపు పీకాడు. వైర్లు దూర్చాడు.

కీచుమని కారంతా కూత పెట్టింది. ఉలిక్కిపడి సౌండు తగ్గించాడు. కూత ఆగింది. పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. నిశ్శబ్దం.

పూర్తి నిశ్శబ్దం కాదు. తలుపుల్లోంచి ఊపిరి వినిపిస్తోంది.

టెస్టరుకి ఫోను చేశాడు. "ఏంట్రా ఇది, బుసలు కొడుతోంది?" ఆయన మాటే, రవ్వంత ఆలస్యంగా, తలుపుల్లోంచి మళ్ళీ వినిపించింది. బుసలు కొడుతోంది...

"ఆ పాత స్పీకరు కలిపారా? ఎక్కడ పెట్టారు?... అయ్యో, అవి మైకు రంధ్రాలన్నా. స్పీకరుని అక్కడ పెడితే అదే మైకు అయిపోతుంది. మీ ఊపిరే మీకు వినిపిస్తోంది. వైర్లు పీకెయ్యండి, అంతే."

అన్న నవ్వుకున్నాడు. నిజమే, తన ఊపిరే. పీల్చితే పీలుస్తోంది. వదిలితే వదులుతోంది. వేళాకోళంగా ఊపిరి బిగపట్టాడు.

తలుపుల్లో ఊపిరి ఆగలేదు.

నెమ్మదిగా... పొడిగా... గొంతులో ఏదో అడ్డం పడినట్టు. తరువాత చిన్న దగ్గు.

"అన్నా, లోపల మీతో ఎవరున్నారు?" ఫోనులో టెస్టరు గొంతు మారింది.

"ఎవరూ... ఎవరూ లేరు."

కారులో లవంగం వాసన కొట్టింది. ఘాటుగా, అప్పుడే కొరికినట్టు.

లవంగం అంటే మిల్లులో దారం అతికే కార్మికుడు. గొంతు చెడకుండా ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. నలభై ఒక్క రోజులూ మైకు పట్టుకుంది అతనే. ఆఖరి రోజు అన్న, మైకుతో లవంగం కూర్చున్న కారుని మిల్లు గేటు లోపలికి తోలించి, డ్రైవర్ని దింపేశాడు. "నేను ఆఫీసులో మాట్లాడి వస్తా. నేను వచ్చేదాకా మైకు ఆపొద్దు. ఎవర్నీ కదలనివ్వొద్దు" అన్నాడు. గేటు మూశారు. అన్న లోపలికెళ్ళి, సమ్మె విరమణకు సంతకం పెట్టి, భోజనం చేసి, వెనక గేటులోంచి వెళ్ళిపోయాడు. కాపలావాళ్ళు నూలు బేళ్ళు దొర్లించుకొచ్చి కారు తలుపులకు రెండు వైపులా ఆనించారు. రాళ్ళకు భయపడి అద్దాలు అప్పటికే బిగించుకుని ఉన్నాడు లవంగం. ఎండ. నాలుగు గంటలు. గేటు బయట ఆరు వందల మంది కదలకుండా కూర్చున్నారు, మైకు కదలొద్దంది కాబట్టి.

గుండె ఆగిందని కాగితంలో రాశారు. ఆ కాగితం కింద సాక్షి సంతకం అన్నదే.

చివరికి మైకులో ఏం వినిపించిందో వీధి మొత్తానికి తెలుసు. అన్న ఎవర్నీ అడగలేదు. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"ఒరేయ్..." ఫోను చెవికి అదుముకున్నాడు. "ఆ రోజు... ఆఖర్న... ఏమన్నాడ్రా వాడు?"

అటువైపు సంచి కింద పెట్టిన చప్పుడు.

"మా అమ్మ చెప్పేది. ఆఖరి గంట నినాదాల్లేవంట. దగ్గు ఒక్కటే. మధ్యమధ్య ఒకే మాట. 'అన్న వచ్చాడా? ఎవరైనా చూసి చెప్పండి' అని. బ్యాటరీ చచ్చిపోయేదాకా అదే మాట."

ఫోను కట్ అయింది. అన్న వైర్లు పట్టుకుని లాగాడు. ఊడి వచ్చేశాయి. రెండు కొసలూ చేతిలోనే ఉన్నాయి.

ఊపిరి ఆగలేదు.

తలుపు తోశాడు. రెండు వేళ్ళ సందు తెరుచుకుని ఆగిపోయింది. దేనికో తగిలింది. మెత్తగా ఉంది... బరువుగా ఉంది. అద్దంలోంచి చూశాడు. షెడ్డు గోడ. మధ్యలో ఏమీ లేదు. మళ్ళీ తోశాడు. మెత్తటిదేదో కొద్దిగా అణిగి, మళ్ళీ వెనక్కి నెట్టింది. అవతలి తలుపూ అంతే. సందులోంచి దూది నూగు లోపలికి ఎగిరొచ్చింది. వేడి. ఎండలో నిలబెట్టిన కారు వేడి, నీడలో ఉన్న షెడ్డులో. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అప్పుడు తలుపుల్లోంచి, చాలా దగ్గరగా, బొంగురుగా...

"వచ్చావా అన్నా?"

అన్న నాలుక అంగిట్లో అతుక్కుంది. వేల మందిని ఊపేశానని చెప్పుకునే నోరు అది.

"వచ్చావా...?"

"వ... వచ్చానురా."

ఊపిరి. దగ్గు.

"మరి... ఇక ఆపెయ్యనా అన్నా?"

ఒక్క మాట, క్షమించరా అని ఒక్క మాట అనొచ్చు. దానికి ఖర్చేం లేదు. కానీ అన్న అలవాటుగా హుకుం జారీ చేశాడు.

"ఆపెయ్. ఆపేసి పోరా!"

ఊపిరి ఆగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. అన్న నేల మీద పడి, పాక్కుంటూ షట్టరు ఎత్తి ఎండలోకి వచ్చాడు.

అయిదున్నరకి భార్య ఇస్త్రీ చొక్కా అందించింది. "ఏమండీ, ముఖం అలా పాలిపోయిందేం? వెళ్ళకపోతే ఏం మునిగిపోతుంది?" ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అదే కారు ఎక్కాలంటే భయమే. కానీ ఆహ్వానపత్రంలో కారు బొమ్మ పడింది. జ్ఞాపిక మీద బంగారు పూత ఉందట. భయం ఎంత పెద్దదైనా ఆయన డాబు కంటే ఒక వేలు పొట్టిదే. వెనక సీటులో, అద్దాలన్నీ దించుకుని కూర్చున్నాడు. పాటా వద్దు, నినాదమూ వద్దని చేత్తోనే సైగ చేశాడు. టెస్టరు అరలోంచి యాంపు ఊడదీసి సంచిలో పెట్టుకుని మరీ బండి తీశాడు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అన్నకు అది మౌనం అనిపించింది.

హాలు నిండుగా ఉంది. మిల్లు యజమాని కొడుకుల్లో ఒకడు పొగిడాడు. "ఆయన గొంతు ఆగిన రోజు లేదు" అన్నాడు. చప్పట్లు. జ్ఞాపిక చేతిలో పడింది. అన్న మైకు దగ్గరికి వెళ్ళి, గుండె నిండా గాలి పీల్చి, నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

మళ్ళీ తెరిచాడు. గాలి పోతోంది... శబ్దం లేదు. బొంగురు కూడా లేదు. నాలుక కింద ఏదో గరుకుగా తగిలింది. ఉమ్మి చూసుకున్నాడు. అరచేతిలో నమిలిన లవంగం.

ముందు వరుస నవ్వింది. అంతలో కింద వీధిలోంచి గొంతు వినిపించింది.

అన్న గొంతు.

ఎవరైనా గుర్తుపట్టగలరు, ఆ సాగదీత, ఆ ముక్కుపలుకు. "కదలకండి... ఎవరూ కదలకండి..."

జ్ఞాపిక వదిలేసి అన్న మెట్ల మీంచి దొర్లినట్టే దిగాడు. కారు చుట్టూ జనం ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. అందరూ తలలెత్తి పైన ఉన్న రెండు హారన్ల వంక చూస్తున్నారు. టెస్టరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు పాలిపోయాయి.

"అన్నా... అవి ఉత్త డొప్పలు. మీరే కదా వద్దన్నారు... యాంపు నా సంచిలోనే ఉంది..."

హారన్లు దగ్గాయి. తరువాత అన్న గొంతే, అలసిపోయి, ఆశగా అడిగింది.

"అన్న వచ్చాడా? ఎవరైనా చూసి చెప్పండి..."

అన్న రెండు చేతులూ ఎత్తాడు. గుండె మీద కొట్టుకున్నాడు. నేనే, వచ్చాను, ఇదిగో, అన్నట్టు నోరు తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఆయన తరఫున చెప్పడానికి ఆ వీధిలో ఎవరూ నోరు విప్పలేదు.

"అన్న వచ్చాడా...?"

దించి వదిలిన అద్దాలు నాలుగూ ఇప్పుడు పైదాకా బిగించి ఉన్నాయి. తలుపులు వేసి దిగినప్పుడు టెస్టరు ఇచ్చిన కారు తాళం అన్న జేబులోనే ఉంది. డ్రైవరు పక్క సీటు దగ్గర, అద్దానికి లోపలివైపు, మనిషి నోరు ఉండే ఎత్తులో గుండ్రంగా ఆవిరి పట్టింది. మెల్లగా కరిగిపోయింది.

మళ్ళీ పట్టింది.