చాక్‌పీసు రాసిన శనివారం

కింద నేలమాళిగలో శవం. పైన జనం భోజనాలు చేస్తున్నారు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ హెస్టర్ బెయిర్‌స్టో 'కుంటి పొట్టేలు' పబ్బు తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి శనివారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. బయట వాన. లోపల పొయ్యి భగభగమంటోంది. ఎనిమిది బల్లల నిండా పిండిలో మాంసం కూరి కాల్చిన పైలు, వేయించిన బంగాళాదుంపలు, ఏల్ బీరు గ్లాసులు. కిటికీ దగ్గర ఎవరో నవ్వుతున్నారు కూడా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఈ పబ్బు తెరిచి ఉంచిందెవరు?"

నేనేనన్నాడు కౌంటరు వెనకున్న మనిషి. క్లైవ్ థాక్రే. పట్నంలో ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం. ఈ పబ్బులో సగం వాటా అతనిది. మిగతా సగం పబ్బు నడిపే వదినగారిది.

"ప్రమాదం జరిగింది మేడమ్. అంబులెన్సుకి చెప్పాం, మీకూ చెప్పాం. వీళ్లంతా వారం ముందే బుక్ చేసుకున్నారు. తిండి మధ్యలో లేవమంటామా?"

"లేవక్కర్లేదు. ఎవరూ కదలక్కర్లేదు. ప్లేట్లు, గ్లాసులు ఎక్కడివక్కడే ఉండాలి. ఒక్క గుక్క కూడా ఎవరూ మింగకూడదు."

సార్జెంట్ నేలర్ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

నేలమాళిగకి పన్నెండు రాతిమెట్లు. అడుగున విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్ వెల్లకిలా పడి ఉన్నాడు. డెబ్బై ఒక్కేళ్లు. తల వెనక పగిలింది. నలభై ఏళ్లుగా ఈ నేలమాళిగ అతని రాజ్యం. ఏ పీపా ఎప్పుడు దిమ్మెకెక్కాలో, ఏ ఏల్ ఎప్పుడు పైకి రావాలో అతను చెప్పిందే వేదం. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో హెస్టర్ రెండు వేసవులు ఇక్కడే గ్లాసులు కడిగింది. తడి గుడ్డతో పీపా తుడిచినందుకు విల్ఫ్ చేత తిట్లు కూడా తింది.

డాక్టరు చేతులెత్తేశాడు. నేలమాళిగ చలికి ఒళ్లు ఎప్పుడు చల్లారిందో తేల్చలేమన్నాడు. ఉదయం ఏడుకీ పదిన్నరకీ మధ్య ఎప్పుడైనా కావచ్చట.

దిమ్మె మీద ఒకే ఒక్క పీపా. దానికి కొళాయి, కొళాయి నుంచి పై కౌంటరుకి గొట్టం. మూలన ఖాళీ పీపా ఒకటి. దిమ్మె మీది పీపా ముఖాన చాక్‌పీసుతో రాసి ఉంది: శనివారం, 10 గం.

"పీపా ఎత్తిన రోజు ఇలా రాసిపెడతారట మేడమ్," అన్నాడు నేలర్. "పదింటికి ఎత్తాడు. కళ్లు తిరిగాయి. మెట్లెక్కబోయి పడ్డాడు. తేలిపోయినట్టే."

హెస్టర్ మోకాళ్ల మీద వంగి విల్ఫ్ కుడి చొక్కాచేతిని వాసన చూసింది. పుల్లటి వెనిగర్ వాసన. మోచేతి దాకా తడిసి ఉంది. ఆ వంటింటి వస్తువుకి నేలమాళిగలో ఏం పని?

పైకొచ్చి మొదట క్లైవ్‌నే కూర్చోబెట్టింది.

"చివరిసారి విల్ఫ్‌ని ప్రాణంతో ఎప్పుడు చూశారు?"

"పదింటికి. కొత్త పీపా దిమ్మె మీదికి ఎత్తుతున్నాడు."

"మీరెక్కడున్నారు?"

"మెట్ల మీద. వదిన అతని పక్కనే నిలబడి తొందరపెడుతోంది. ముసలాడు, ఒంటరిగా ఎత్తించొద్దని చెప్పాను. వినలేదు. కొళాయి బిగించి గొట్టం తగిలించేదాకా చూసి పదీ పావుకి పట్నం వెళ్లాను. పదకొండున్నరకి తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి."

"ఇప్పుడు జనం తాగుతున్నది ఆ పీపాలోదేనా?"

"అదే. ఇంకోటి లేదు."

చెప్పడానికి బాధగా ఉందంటూనే ఇంకో మాట కూడా అందించాడు. నిన్న సాయంత్రం వదిన అందరి ముందూ విల్ఫ్‌ని నానా మాటలూ అందట. మూడు వారాలుగా ఏల్ పులిసిపోతోంది, చేతకాకపోతే మానెయ్యమందట. కావాలంటే ఎవర్నైనా అడగమన్నాడు.

అడిగితే అంతా తలలూపారు. నిజమే.

ఈనిడ్ థాక్రే వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. మొగుడు పోయాక తొమ్మిదేళ్లుగా ఒక్కతే ఈ పబ్బుని లాక్కొస్తోంది. చేతులకింకా పిండి. పదింటికి తాను పైలకి పిండిముద్దలు వత్తుతున్నానంది. సాక్ష్యం ఎవరూ లేరంది. నేలమాళిగలోకి దిగి నెల దాటిందట. ముసలి మనిషి చేత ఒంటరిగా బరువు మోయించి చంపిందని తేలితే లైసెన్సు పోతుంది. అది పోతే పబ్బు అమ్మాలి. ఆమెకున్న ఇల్లు ఆ మేడ మీది గదే.

"తిట్టిన మాట నిజమే," అంది. "దానికి సంకెళ్లు వేస్తానంటే వెయ్యి. కానీ పదింటికి నేను కిందికి దిగలేదు."

హెస్టర్ మళ్లీ హాల్లోకొచ్చింది. కిటికీ పక్కన సెత్ మిడ్జ్‌లీ గొణుక్కుంటున్నాడు. గొర్రెల రైతు, డెబ్బై ఎనిమిదేళ్లు, ఆమె నాన్నకి స్నేహితుడు. మూడు వారాల తర్వాత ఇవాళే ఏల్ నోటికి హితవుగా ఉందనీ, సరిగ్గా ఇవాళే పోలీసులు దాపురించారనీ అతని గోడు. గ్లాసు చుట్టూ చేతులు వేసుకుని కాపలా కాస్తున్నాడు. వానవెలుగులో గ్లాసు అవతల అతని వేళ్లు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి.

హెస్టర్ ఆ గ్లాసుని అలా చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నేలర్‌ని పిలిచి, క్లైవ్ కారు డిక్కీ వెతకమని చెవిలో చెప్పింది.

ఒంటి గంటా పది నిమిషాలకి ఈనిడ్‌ని, క్లైవ్‌ని కౌంటరు ముందుకి రమ్మంది. సెత్ గ్లాసు తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది.

"సెత్ బాబాయ్. పీపాని ఎత్తి దిమ్మె మీద పెట్టిన రెండు గంటలకే ఏల్ పోస్తే ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేంటమ్మా, కాళ్లు కడిగిన నీళ్లలా ఉంటుంది. మడ్డంతా లేచిపోదూ? విల్ఫ్ అయితే మడ్డి అడుక్కి దిగేదాకా రెండు రోజులు దాని దగ్గర తుమ్మనిచ్చేవాడు కాదు."

"మరి ఇదెలా ఉంది?"

సెత్ గ్లాసు వంక చూశాడు. ఇండుపగింజ వేసిన కుండలో నీళ్లలా తేటగా ఉంది. మడ్డి జాడే లేదన్నాడు.

"ఇందాకటి నుంచి తాగుతున్నారు," అంది హెస్టర్. "పుట్టి బుద్ధెరిగాక ఇదే తాగుతున్నారు. మడ్డి ఉంటే ఊరంతా ఏకమై అరుస్తారు. తేటగా ఉంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇంత తేటగా ఉందంటే ఈ పీపా గురువారమే ఎక్కి ఉండాలి. ఈ ఉదయం దాన్నెవరూ కదపలేదు. క్లైవ్ థాక్రే చూశానన్నది జరగనే లేదు."

"చాక్‌పీసుతో రాసి ఉంది కదా," అన్నాడు క్లైవ్.

"చాక్‌పీసుదేముంది, ఎవడి చేతిలో ఉంటే వాడి మాటే రాస్తుంది. విల్ఫ్ రాసింది చెరిపి మీరు రాశారు. జీవితంలో ఒక్క పీపా మోసినా ఆ తప్పు చేసేవారు కాదు."

"గ్లాసుడు బీరు చూసి నన్ను హంతకుడంటారా?"

"లేదు. చెయ్యి ఇటివ్వండి."

ఇవ్వలేదు. ఆమే లాక్కుంది. ఖరీదైన కోటు లోపల చొక్కాచేతి అంచు ఇంకా తడిగానే ఉంది. వాసనా అదే. అప్పుడే నేలర్ వానలో తడుస్తూ వచ్చి నాలుగు లీటర్ల వెనిగర్ డబ్బా కౌంటరు మీద పెట్టాడు. సగం ఖాళీ. డిక్కీలో దుప్పటి కింద దొరికింది.

"మూడు వారాలుగా ప్రతి పీపాలోనూ ఇది పడింది," అంది హెస్టర్. "ఏల్ పులిస్తే జనం మానేస్తారు. జనం మానేస్తే వదిన అమ్మకానికి ఒప్పుకుంటుంది. ఇవాళ విల్ఫ్ రోజూకంటే ముందే వచ్చి, ఈ పీపాలో పొయ్యకముందే మిమ్మల్ని పట్టుకున్నాడు. డబ్బా పట్టుకుని గుంజాడు, ఇద్దరి మీదా ఒలికింది. మీరు తోశారు. ఆ తర్వాత ఆ చావుని కూడా వదిన నెత్తికే చుట్టాలనుకున్నారు."

క్లైవ్ తోద్దామనుకోలేదన్నాడు. ముసలాడు డబ్బా వదల్లేదన్నాడు. ఎనిమిది బల్లల జనం ఆ మాట విన్నారు.

ఈనిడ్ నెమ్మదిగా దగ్గరికొచ్చింది.

"మూడు వారాలు ఆయన్నే తిట్టాను," అంది. "చేతకాకపోతే మానెయ్యమన్నాను. నలభై ఏళ్లు చేసిన మనిషిని, అందరి ముందూ. ఒక్క మాట ఎదురనలేదు. నువ్వు అక్కడే కూర్చుని నవ్వావు కదరా."

చెంప ఛెళ్లుమంది. నేలర్ కదలబోతే హెస్టర్ చేత్తో ఆపింది. రెండోది పడ్డాక మాత్రం చాలన్నట్టు ఈనిడ్ భుజం పట్టుకుంది.

ఒకటిన్నరకి క్లైవ్‌ని సంకెళ్లతో బయటికి తీసుకెళ్లారు. తర్వాత విల్ఫ్‌ని స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చారు. అప్పటిదాకా కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఇంతసేపటికి బుద్ధొచ్చిందా అనుకుంది హెస్టర్.

ఈనిడ్ కౌంటరు వెనక్కి వెళ్లింది. పంపు పిడికి ఏల్ పేరున్న బిళ్ల తగిలించి ఉంటుంది. పీపా ఖాళీ అయితే దాన్ని వెనక్కి తిప్పిపెడతారు. పీపా ఇంకా ముప్పాతిక నిండుగానే ఉంది. ఆమె బిళ్లని వెనక్కి తిప్పేసింది.

సెత్ తన గ్లాసు వైపు చూశాడు. సగం ఉంది. ఆ మనిషి చుక్క మిగల్చడం ఊళ్లో ఎవరూ చూడలేదు. టోపీ పెట్టుకుని, గ్లాసు అక్కడే వదిలేసి, వానలోకి వెళ్లిపోయాడు.