సగం కోసిన వాక్యం

"నెలకి ఎంతైతే కడతారు?"

కారుతున్న గొడుగుతో క్లినిక్‌లోకి వచ్చి అడిగాడా యువకుడు. కుక్కపిల్ల కాలికి కట్టు కడుతున్న చిహారు తలెత్తింది.

"ముందు గొడుగు మడవండి. తర్వాత మీరెవరో చెప్పండి."

"సెనో నవోయా అండీ. తొనారి కంపెనీ. టోక్యో నుంచి."

తొనారి ఇరుగుపొరుగు వాళ్లు మాట్లాడుకునే యాప్. అందులో తప్పిపోయిన పిల్లుల కోసం, కుక్కల కోసం చిహారు ఆరేళ్లుగా ఒక గ్రూప్ నడుపుతోంది. కనజావాలో సగం ఊరు అందులోనే ఉంది. యాప్ మాత్రం ఒక్క ఏడాదీ లాభం కళ్ల చూడలేదు. పెట్టుబడి పెట్టినవాళ్లకు ఓపిక నశించింది.

"అందుకని మా మీద పడ్డారన్నమాట!"

"అబ్బే, అభిప్రాయం అడుగుతున్నానంతే."

"జేబు తడిమేవాళ్లంతా అలాగే అంటారు."

అయినా అతను వరసగా మూడు బుధవారాలు వచ్చాడు. ప్రశ్నలు రెండుంటే కబుర్లు ఇరవై. ఒకసారి ఓ ముసలావిడ పిల్లి కోసం ఇద్దరూ వానలో వీధులన్నీ తిరిగారు. చెక్క అరుగు కిందికి దూరి, సూటు నిండా బురదతో, పిల్లిని ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడతను. చిహారుకు నవ్వాగలేదు. మరుక్షణం అనుమానం పీకింది. ఈ మంచితనం కూడా జీతం రాళ్ల కోసమేనా?

అయినా నోరు జారింది. "పిల్లి తప్పిపోయిన మొదటి గంటలో మనిషి ఎంతడిగినా ఇచ్చేస్తాడు, పాపం."

నవోయా రాసుకున్నాడు.

నెల తిరక్కుండానే యాప్‌లో కొత్త బటన్ వచ్చింది. ఐదువందల యెన్ కడితే మొదటి గంటలోనే ఫొటో అందరికీ కనిపిస్తుందట. కట్టనివాళ్ల పోస్టులు అట్టడుక్కి.

మొదటి గంట! తన మాటే! చిహారుకు ఒళ్లు మండిపోయింది. ఆ బుధవారం అతన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"నా మాట బాగానే అమ్ముకున్నారు!"

అతని ముఖం పాలిపోయింది. సంచిలోంచి తను కంపెనీకి రాసిచ్చిన రిపోర్టు తీసి ఓ పేజీ చూపించాడు. అందులో ఇలా ఉంది: "మొదటి గంటలో మనిషి ఎంతడిగినా ఇస్తాడు. అందుకే ఈ పోస్టులకు ఎప్పుడూ డబ్బు అడగకూడదు."

"మావాళ్లు రెండో సగం కోసేశారు," అన్నాడు.

"ఇది పొద్దున్న రైల్లో టైపు చేయలేదని నమ్మకమేంటి?"

"మా మేనేజర్‌ని అడగండి. ఆయనకి నేనంటే పడదు. నా కోసం అబద్ధమాడరు."

నిజంగా అడుగుతుందని అనుకోలేదేమో. ఆమె రిపోర్టు అట్టమీదున్న మేనేజర్ నంబరుకి ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది.

"ఆ సెనో గాడా?" అవతలి గొంతు గయ్యిమంది. "బటన్ వద్దని మీటింగ్‌లో గొడవపడి టీమ్‌లోంచి ఊడాడు. ఏం రిపోర్టండీ అది! పదిహేడు చోట్ల 'చిహారు గారు ఇలా అన్నారు, చిహారు గారు అలా నవ్వారు'! నవ్వుని నేను ఏ లెక్కలో వెయ్యాలి?"

ఫోన్ పెట్టేసేసరికి నవోయా చెవులు కందిపోయాయి.

"బటన్ తీయించలేకపోయాను," అన్నాడు నేల చూస్తూ. "అసలు యాపే వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో. గ్రూప్‌లో ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. యాప్ పోయినా గ్రూప్ పోదు."

చిహారు కళ్లు చిన్నవి చేసి చూసింది. "టీమ్‌లోంచి తీసేశారుగా. మరి ఇవాళ ఏ పని మీద వచ్చారు?"

"పనేం లేదు. సెలవు పెట్టాను. మిమ్మల్ని చూడాలని."

వాన కప్పు మీద దడదడలాడుతోంది. చిహారు పక్కకు జరిగి దారిచ్చింది.

"నాకింకా నమ్మకం కుదర్లేదు," అంది, నవ్వు దాచుకుంటూ. "కుదిరేదాకా వస్తూ ఉండండి."