స్పీకరు వైరు అవతలి కొస

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎలక్ట్రీషియన్ ఆ ఇంటికి వెళ్ళాడు. సినిమా గదిలో దీపాలు తగ్గించగానే స్పీకర్లు గుయ్యిమంటున్నాయని, ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు ఉందని ఇంటావిడ కబురు పెట్టింది.

రొద ఎందుకొస్తోందో అతనికి తెలుసు. పోయినేడు ఈ గది పని ముగించేటప్పుడు స్పీకరు వైరును తనే దీపాల కరెంటు వైర్లున్న పైపులో దూర్చేశాడు. వేరే పైపు వెయ్యాలంటే గోడ కొట్టాలి, ఒళ్ళు వంచాలి.

అతని బావ దానికి ఒప్పుకోలేదు. బావంటే అక్క మొగుడు, అతనికి పని నేర్పినవాడు. పోయినేడు ఇదే గదిలో, "నీకు ఒళ్ళొంగదు గానీ తప్పుకో, బావమరిదీ" అని వెక్కిరించి, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని తానే సీలింగు పైకెక్కాడు. పైన ఉన్నవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలన్నది వాళ్ళ కట్టడి. కింద ఉన్నవాడికి ఆ వెక్కిరింత మండింది. ఉన్నట్టుండి దీపాలు వెలిగించి కాస్త బెదరగొడదామని సంచిలోంచి ఇంకో ఫ్యూజు తీసి బోర్డులో పెట్టాడు.

బావ మళ్ళీ దిగలేదు.

జనం వచ్చేలోగా శవం జేబులోంచి ఫ్యూజు తీసేశాడు. ఫ్యూజు పీకకుండానే పైకెక్కాడని అందరికీ చెప్పాడు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పలేడన్న ధైర్యం అది. బుద్ధి లేని మనిషి పెళ్ళామన్న మాట అక్క ఏడాదిగా మోస్తోంది. అది వింటూ కూడా వీడు అన్నం తిన్నాడు, నిద్రపోయాడు.

ఇప్పుడు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. కిటికీలు లేని గది. పట్టపగలే కటిక చీకటి. కొత్త తివాచీ వాసన, దాని అడుగున ఎక్కడో కాలిన రబ్బరు కంపు. టార్చి వెలుగులో స్పీకరు వైరు ఊడదీశాడు. అయినా రొద ఆగలేదు...

వైరును మణికట్టుకు చుట్టుకుని కిందికి లాగాడు. పైనున్నవాడికి మాట వినపడదు కనుక వాళ్ళకో గుర్తు ఉండేది. ఒక్క కుదుపంటే లాగు. రెండంటే పనైపోయింది.

పైనుంచి ఒక్క కుదుపు వచ్చింది.

పైన ఎవరూ లేరు.

"ఫ్యూజు ఎవరు పెట్టారు?" స్పీకరు గుసగుసలాడింది.

జేబు తడుముకున్నాడు. ఫ్యూజు ఉంది. ఊపిరి తీసుకున్నాడు. ఏడాదిగా నోటికి అలవాటైన అబద్ధమే వచ్చింది.

"నువ్వే... పీకడం మరిచిపోయావు కదా, బావా..."

వైరు బిగిసింది. చెయ్యి పైకి లేచింది. మడమలు లేచాయి. సినిమా అయిపోయాక వెలిగినట్టు దీపాలు మెల్లగా వెలిగాయి. జేబులో ఫ్యూజు గుండెకు తగులుతూనే ఉంది...

"నేనే. నేనే పెట్టాను, బావా. అక్కకు మాత్రం చెప్పకు."

ఆ మాట హాల్లో ఉన్న స్పీకరులోంచి ఇంటావిడకు స్పష్టంగా వినిపించింది. ఆమె పరుగెత్తుకుని వచ్చేసరికి గది చీకటిగా ఉంది. అతను తివాచీ మీద పడి ఉన్నాడు. మణికట్టు చుట్టూ నల్లటి గాటు.

సాయంత్రం అక్క వచ్చింది. విన్నదంతా ఇంటావిడ చెప్పింది. ఫ్యూజు శవం జేబులోనే ఉంది. కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చిన వాళ్ళెవరూ చెప్పలేకపోయారు. అక్క ఏడవలేదు. తమ్ముడి ముఖం వైపు చూడను కూడా లేదు. సీలింగులోంచి వేలాడుతున్న వైరు కొస పట్టుకుని నిలబడింది.

పైనుంచి రెండు కుదుపులు వచ్చాయి.

ఆమెకు ఆ గుర్తు తెలుసు. రాత్రిళ్ళు పని నుంచి వచ్చి ఆయన ఆమె దుప్పటి చెంగు అలాగే రెండుసార్లు లాగి నవ్వించేవాడు. పనైపోయిందని.

ఆమె తలూపి వదలబోయింది.

పైనుంచి మూడో కుదుపు వచ్చింది.

మూడో కుదుపుకు అర్థమేమిటో ఆయన ఆమెకెప్పుడూ చెప్పలేదు.