వంటావార్పులో తినని డ్రైవర్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జోరుగా నడుస్తున్న రోజులు. కొత్తగూడ చౌరస్తాలో నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు క్యాబ్ నడిపే అజయ్ పొద్దుటి నుంచి నినాదాలిచ్చి ఓ పక్కన కూలబడ్డాడు.

అన్నం, పచ్చిపులుసు వడ్డిస్తున్న అమ్మాయి అతని ముందు ఆగింది. పేరు ప్రవళిక. పక్క వీధిలోని పళ్ల దవాఖానలో నర్సు.

"వద్దండి, శనివారం. ఉపవాసం."

"ఇయ్యాల బుధవారం."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. "మా చేతి వంట పడదా? కులం అడిగి తింటరా ఏంది?" అని విసురుగా వెళ్లిపోయింది.

అజయ్‌కి తల కొట్టేసినట్టయింది. కులమూ లేదు, పాడూ లేదు. నాలుగేళ్లుగా గుట్కా నములుతున్నాడు. కారం తగిలితే నోరంతా మంట. ముద్ద పెట్టుకుందామంటే నోరు సరిగ్గా తెరుచుకోదు. ఆ మాట నలుగురిలో చెప్పడం కంటే పస్తుండటమే నయమనుకున్నాడు, మహానుభావుడు!

సాయంత్రం బస్సుల్లేక ఆమె రోడ్డు మీద నిలబడి ఉంటే అజయ్ కారు ఆపాడు.

"ఎక్కుండి. మూసాపేట దాకా దింపుత."

"ఉపవాసం ఉన్నోళ్లకు డ్రైవింగ్ చాతనైతదా?"

ఎక్కింది మాత్రం. ఆ రోజే కాదు, తర్వాత పది రోజులూ ఎక్కింది. అజయ్ గుట్కా పొట్లాలు సీటు కింద దాచి, యాలకులు నమిలి స్టీరింగ్ పట్టుకునేవాడు. ఆమె అద్దంలో చూసి నవ్వితే ఇతను రోడ్డు చూడటం మరిచిపోయేవాడు. ఆమె దిగగానే సీటు కింద చెయ్యి పెట్టి, తన మీద తనకే రోత పుట్టి, అయినా పొట్లం చింపేవాడు.

పదకొండో రోజు వాన. ప్రవళిక వేడివేడి మిర్చిబజ్జీలు కొనుక్కొచ్చింది. ఒకటి అతని చేతిలో పెట్టింది. ఆమె ఫోన్ చూసుకుంటుండగా అతను దాన్ని కిటికీలోంచి జారవిడిచాడు. ఆమె చూడనే చూసింది.

"కారాపు."

"ప్రవళికా, గది కాదు..."

"నేనంటే గంత అసయ్యమా? మరి రోజూ ఎందుకు ఎక్కించుకున్నవ్?"

అజయ్ సిగ్గుతో బ్రేకు తొక్కాడు. ఆమె వానలోనే దిగిపోయింది.

ఆదివారం గచ్చిబౌలి క్యాబ్ స్టాండులో ఆమె దవాఖాన వాళ్లు ఉచితంగా నోటి పరీక్షలు పెట్టారు. అజయ్ అందరి వెనకాల నక్కి నిలబడ్డాడు.

"అన్నలూ, నోట్ల పుండు రెండు వారాలకు మానకపోయినా, తెల్లటి ఎర్రటి మచ్చ కనబడ్డా, నోరు తెరుసుకోకపోయినా చూపించుకోవాలె. గుట్కా, ఖైనీ, సిగరెట్, మందు, అన్నీ క్యాన్సర్ తెచ్చేటియే. తొందరగా పట్టుకుంటే బాగైతది," అంటోంది ప్రవళిక.

"మాకేం రోగం బిడ్డా! దున్నపోతుల్లెక్కున్నం," అని సీనియర్ డ్రైవర్ ఎల్లేశం పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మాడు. అందరూ ఈలలు వేశారు. ఒక్కడూ కదల్లేదు.

అజయ్ ఇక తట్టుకోలేకపోయాడు. గుంపును తోసుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"నాది చూడుర్రి. రోజుకు పదిహేను పొట్లాలు తింట." తల ఎత్తకుండానే ఆమెతో అన్నాడు. "నీ మీద అసయ్యం కాదు. కారం తినలేను. నోరు తెరుసుకోదు. నీకు చెప్పాలంటే సిగ్గుతో సచ్చిపోయిన."

ఈలలు ఆగిపోయాయి. డాక్టర్ అతని వేళ్లే నిలువుగా నోట్లో పెట్టించింది. మామూలుగా మూడు పట్టాలి. ఒకటిన్నర పట్టింది. బుగ్గ లోపల తెల్లమచ్చ. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది. అతను లేచేసరికి ఎల్లేశం గుట్కా ఉమ్మేసి, నోరు కడుక్కుని, కుర్చీ దగ్గరికి వస్తున్నాడు.

వారానికి రిపోర్టు వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు. గుట్కా ఆపకపోతే అయ్యే ప్రమాదం ఉంది. బిగుసుకున్న నోరు పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. నెలనెలా వచ్చి చూపించుకోవాలి.

దవాఖాన మెట్ల మీద అజయ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "మా అమ్మకు తెల్వది. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"గీ మొఖమే. ఇంకోటి యాడికెళ్లి తెస్తవ్?" అని ప్రవళిక అతని ఫోన్ లాక్కుని వాళ్లమ్మ నంబర్ కలిపి స్పీకర్ పెట్టింది. "అత్తమ్మా, నేను ప్రవళికను. మీ కొడుకు ఒకటి చెప్తడట. మంచిగ తిట్టుండి, గని ఫోన్ పెట్టెయ్యకుండి."

అజయ్ ఏడుస్తూ అంతా చెప్పాడు. అవతల తల్లి పోచమ్మ ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. ఇంకొక్క పొట్లం ముట్టనని, ఇక ఏదీ దాచనని ఒట్టు వేయించుకుంది. చివరికి ముక్కు చీదుకుని అడిగింది.

"అది సరేగని, నన్ను అత్తమ్మా అన్న పిల్ల ఎవలురా?"

అజయ్ చప్పున తలెత్తాడు. ప్రవళిక ఎర్రబడ్డ ముఖాన్ని చున్నీలో దాచుకుని గబగబా మెట్లు దిగిపోతోంది.

"ఆగు ప్రవళికా, అమ్మ అడుగుతున్నది!"

"నువ్వే చెప్పు!" అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "ఇగ దాచుడు బంద్ అని ఒట్టేసినవ్ గద!"