వెలగని తెరల ముందు ఫోటో

పొద్దున్నే హెడ్మాస్టారు బడికి వెళ్లడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముందుగదిలో ఆయన కూతురు నేల మీద కూర్చుని మరో కంప్యూటరు విప్పుతోంది. కంప్యూటర్లు బాగుచేయడమే ఆమె వృత్తి. విదేశంలోని ఒక పెద్ద కంపెనీ తాము వాడేసిన కంప్యూటర్లు నలభై ఆయన బడికి దానంగా పంపింది. పరీక్షించడానికి బడి నుంచి తెచ్చిన అవి వారం రోజులుగా ఇంటినిండా పరుచుకున్నాయి. మిషను వేసుకోవడానికి చోటు లేక తల్లి వంటింట్లోనే బట్టలు కుడుతోంది.

ఆఖరిదీ విప్పి చూసింది. లోపలంతా తుప్పు. నలభైలో పనికొచ్చేవి ఆరే అని తండ్రికి చెప్పింది. ఆయన తల ఎత్తలేదు. కృతజ్ఞతల ఉత్తరం సిద్ధం చేశాననీ, అన్నీ చక్కగా పనిచేస్తున్నాయని రాశాననీ, ఇవాళే పంపేస్తున్నాననీ అన్నాడు. కంప్యూటర్లు బడిలో దిగిన రోజే పిల్లలను వాటి ముందు కూర్చోబెట్టి, కీబోర్డుల మీద చేతులు పెట్టించి ఫోటో కూడా తీయించాడట.

"ఊరికే ఇచ్చినవాటికి వంకలు పెడతామా తల్లీ?"

ఆమెకు ఒళ్లు మండింది. స్క్రూడ్రైవరు పక్కన పడేసి లేచింది.

"ఊరికే ఎక్కడిచ్చారు నాన్నా? వాళ్ల చెత్త ఎత్తిపోసే పని మన నెత్తిన పెట్టారు. పైగా మనమే దణ్ణం పెట్టాలా?"

ఇప్పుడు తప్పులెంచితే రేపు మంచివి కూడా రావని ఆయన వాదించాడు. మాటా మాటా పెరిగింది. మెడలో టేపుతోనే తల్లి వంటింట్లోంచి వచ్చింది. నిరుడు ఒక చిన్న లైబ్రరీ వాళ్లు బడికి పది కంప్యూటర్లు పంపిన సంగతి గుర్తుచేసింది. ప్రతిదాన్నీ తుడిచి, పరీక్షించి, దేంట్లో ఏ లోపముందో చీటీ రాసి అంటించారు. పిల్లలు ఇప్పటికీ వాటి మీదే నేర్చుకుంటున్నారు.

"వాళ్లకీ ఇదే ఉత్తరం రాశారు కదండీ," అంది తల్లి. "శ్రద్ధగా పంపినవాళ్లూ, వదిలించుకున్నవాళ్లూ మీకు ఒకటేనా?"

కూతురు గొంతు తగ్గింది.

"ఆ ఫోటోలో పిల్లలు నవ్వుతున్నారు, చూశారా? ఇంకాసేపట్లో అవి ఆన్ అవుతాయనుకుని నవ్వారు నాన్నా."

హెడ్మాస్టారు ఇస్త్రీ ఆపి కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తరం తీసి చింపేశాడు. "అడిగి అడిగి, ఏదిచ్చినా తీసుకోవడం అలవాటైపోయిందమ్మా," అన్నాడు. కొత్త కాగితం తీసుకుని, ఏది ఎందుకు పనికిరాదో చెప్పమన్నాడు. కూతురు చెబుతుంటే ఒక్కటీ వదలకుండా రాశాడు. పాడైనవాటిని మీ ఖర్చుతో మీరే వెనక్కి తీసుకెళ్లండని చివర రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజే బడిలో పిల్లల ముందు నిలబడ్డాడు. "పనిచెయ్యని కంప్యూటర్ల ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి ఫోటో తీయించాను. అది నా తప్పు," అన్నాడు.

పనిచేసే ఆరింటిలో ఒకదాన్ని ఎత్తుకొచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. నా తప్పు అన్న మాట ఆయన నోట ఇంట్లో కూడా ఎన్నడూ వినలేదు. పొద్దున్న తనన్న మాటలు గుర్తొచ్చాయి. ఆయన వచ్చి ఆమె చేతుల్లోని బరువును రెండో వైపు పట్టుకున్నాడు.