ఆగి ఉన్న లిఫ్టు

నా భార్య ప్రాణం తీసింది లిఫ్టు. ఆ రోజు ఆ లిఫ్టు ఆగి ఉంది. ఇందులో వాదనకు చోటు లేదు.

మేము మెదడు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళం. మెదడు పనిచేస్తుంటే తల చుట్టూ అతి సన్నని అయస్కాంత క్షేత్రం పుడుతుంది. హెల్మెట్‌లోని సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. ఆ గీతలను బట్టి కదలిక తల లోపల ఎక్కడ పుట్టిందో లెక్కకట్టడం ఆమె పని. రోగుల ఒంటి మీది ఇనుమంతా తీయించి కుర్చీలో కూర్చోబెట్టడం నా పని. ఆమె పెద్ద ఇంజనీరు. నేను పల్లెటూరి బడిలో చదివి, డిప్లొమాతో ఆగినవాణ్ణి.

మొదటి రోజే గొడవ. మైకులో ఆమె గొంతు.

"లోపల ఎవరండీ? నా గీతలన్నీ గంతులేస్తున్నాయి."

"నేనే మేడమ్. నా దగ్గర ఇనుమేం లేదు."

"ప్యాంటు హుక్కు?"

నా చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది.

"రోగులకి చెప్పేముందు మనది మనం చూసుకోవాలి, హుక్కుగారూ."

ఆ పేరు ఉండిపోయింది. మర్నాడు నాడా ప్యాంటు వేసుకుని వెళ్ళాను. నవ్వు కనపడకుండా ఆమె ఫైలు అడ్డం పెట్టుకుంది. ఫైలు తలకిందులుగా ఉంది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, యంత్రాన్ని పరీక్షించడానికి ఆమె తన తలే హెల్మెట్‌లో పెట్టింది. మాలో ఎవరో ఒకరు అలా కూర్చోవడం మామూలే. రికార్డింగ్ అయ్యాక ఇద్దరం స్క్రీన్ ముందు కూర్చున్నాం. ఎడమవైపు సెన్సర్లలో ఒక పెద్ద అల నిదానంగా ఊగుతోంది.

"ఇదేంటి మేడమ్?"

"లిఫ్టు. ఎడమ గోడ అవతలే కదా. అంత ఇనుము పైకీ కిందికీ తిరిగితే ఇలాగే వస్తుంది. తుడిచేస్తే సరి."

లిఫ్టు పదకొండింటికే చెడింది. ఆమె పొద్దున వచ్చి కూర్చున్న మనిషి, అంతస్తు దాటలేదు. మా ముందున్న రెండు టీలు నాలుగంతస్తుల మెట్లెక్కి తెచ్చింది నేను.

"మేడమ్, లిఫ్టు..."

"ఒక్క నిమిషం. నన్ను చెప్పనివ్వండి, మళ్ళీ ధైర్యం రాదు." స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అంది. "మా అమ్మకి మీ గురించి చెప్పేశాను. నాడా ప్యాంటుతో సహా."

"ఏమన్నారు?"

"మాట వినే రకంలా ఉన్నాడు, చేసుకో అంది."

బయట వాన దంచుతోంది. నాకేమీ వినపడలేదు.

"ఇంతకీ లిఫ్టు గురించి ఏదో అనబోయారు?"

"ఏం లేదు" అన్నాను.

ఇంజనీరుకు నేను చెప్పేదేమిటనుకున్నాను. ఆమె ముఖంలోని నవ్వు చెడగొట్టడం ఇష్టం లేకపోయింది. ఆమె మీట నొక్కింది. అల పోయి, గీత తిన్నగా వచ్చింది.

పెళ్ళయిన పద్నాలుగో నెలలో ఆమె చెంచాను చూపించి తాళంచెవి అంది. ఇద్దరం నవ్వుకున్నాం. రెండోసారి నవ్వలేదు.

స్కాన్‌లో గడ్డ కనిపించింది. ఏడాదిన్నర కిందటే తెలిసి ఉంటే, చిన్నగా ఉండగానే తీసేసేవాళ్ళం అన్నాడు డాక్టరు. ఆమె ఆ వానరోజు రికార్డును, అల తుడవనిదాన్ని, తెప్పించుకుని తనే లెక్కకట్టింది. అల పుట్టిన చోటు చూపే చుక్క తల లోపల, ఎడమ చెవికి పైన పడింది. గడ్డ ఉన్న చోటే.

"ఆ రోజు లిఫ్టు తిరగలేదా?"

"లేదు."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"చెప్పాల్సింది, హుక్కుగారూ."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆమె పోయి ఆరేళ్ళు. నీ తప్పేముందని అందరూ అంటారు. ఆ మెట్లు వాళ్ళు ఎక్కలేదు. నేను ఎక్కాను.

ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా దీని గురించి నోరు విప్పను.