పది గంటల నాడి

“పని చేసేటప్పుడు మీకు ఎంత తరచుగా చిరాకు వస్తుంది? ఎప్పుడూ రాదు, అరుదుగా వస్తుంది, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ఏదో ఒకటి చెప్పండి.”

“ఇప్పుడు వస్తోంది. దానికి గడి ఉందా?”

ఆమె కాగితం తిప్పి నిజంగానే వెతికింది. లేదని తేల్చుకుని, “ఎల్లప్పుడూ అని వేసేస్తాను,” అంటూ టిక్కు పెట్టేసింది.

మహేలాను నేను మొదటిసారి చూడటం అలా జరిగింది. ఆగస్టు నెల, సోమవారం, పరీక్షలకు పేర్లు నమోదు చేసే వారం. ఐదో నంబరు కిటికీ నాది. దాని ముందు నలభై మంది విద్యార్థులు తడిసిన గొడుగులతో నిలబడి ఉన్నారు. మా ఊరు మోంతేవిదేయోలో ఆగస్టు అంటే చలికాలం, వాన పైనుంచి పడదు, సముద్రం మీంచి అడ్డంగా వచ్చి మొహాన కొడుతుంది. ఆ నలభై మందీ నన్నే తిట్టుకుంటుంటే, నా పక్కన కుర్చీ వేసుకుని ఈ అమ్మాయి నూట పన్నెండు ప్రశ్నల్లో ముప్పై ఏడోది అడుగుతోంది.

మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేస్తోందట. యూనివర్సిటీలో చదివేవాళ్ళకూ పనిచేసేవాళ్ళకూ ఒత్తిడి ఎంతుందో, మనశ్శాంతి ఎంతుందో కొలుస్తుందట. మా ఆఫీసులోని ఎనిమిది మంది తరఫునా మా పెద్దాయన ఎల్బియో గారే ఒప్పేసుకున్నారు, మాతో మాటమాత్రం అనకుండా. మా ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవడానికి ఆ ఒక్క ముక్క చాలు, పరిశోధన అక్కడితో ముగించుకోవచ్చు. కానీ నా మాట ఎవరు వింటారు?

“ఈ పట్టీ చేతికి పెట్టుకోండి,” అంది. “నాడి ఎలా కొట్టుకుంటోందో రోజంతా రాసుకుంటుంది. ఆరు వారాలు తియ్యకూడదు. మధ్యాహ్నం పన్నెండు దాకా కాఫీ, టీ, కూల్ డ్రింకులు ఏవీ ముట్టకూడదు. ఈ కాగితం మీద సంతకం పెట్టండి.”

“ఊపిరి పీల్చుకోవచ్చా?”

“మామూలుగా పీల్చుకోండి.”

నేను సంతకం పెడుతుంటే, పక్క కిటికీలోని నిబియా గారు ఆమెకు మాతే అందించారు. నిబియా గారికి అరవై ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా మా ఆఫీసుకు మాతే పోసేది ఆవిడే. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర, అందులో మాతే ఆకు, పీల్చుకోవడానికి ఒక ఇనుప గొట్టం. ఒకరు తాగి ఇస్తే మళ్ళీ నీళ్ళు పోసి ఇంకొకరికి ఇస్తారు, పొద్దున ఏడింటికి మొదలైన బుర్ర అలా చేతులు మారుతూనే ఉంటుంది. “థాంక్స్” అనేదాకా మీ వంతు వస్తూనే ఉంటుంది. అన్నారంటే ఇక చాలన్నట్టు.

మహేలా ఒక్కసారి తాగి, బుర్ర తిరిగి ఇచ్చి, “థాంక్స్,” అని వెళ్ళిపోయింది.

“ఒక్కదానికే థాంక్స్ చెప్పేసిందిరా,” అన్నారు నిబియా గారు బాధగా. “మనం నచ్చలేదు ఆ పిల్లకి.”

“పోతే పోనివ్వండి,” అన్నాను నేను.

పోతే కదా. మర్నాటినుంచి రోజూ పదింటికి ఠంచనుగా వచ్చేది. పట్టీలోని లెక్కలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఒక్కొక్కరినీ తొమ్మిది ప్రశ్నలు అడిగేది. మొదట నా దగ్గరికే.

“నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు?”

“ఆరు.”

“ఎందుకు ఆరే?”

“అది పదో ప్రశ్న. నేను తొమ్మిది ప్రశ్నలకే సంతకం పెట్టాను.”

“ఇవాళ మీ సంతోషం, ఒకటి నుంచి పది వరకు?”

“నాలుగు.”

“నిన్న కూడా నాలుగే.”

“నిన్న కూడా మీరు వచ్చారు కదా.”

ఆమెకు కోపం రాలేదు, రాసుకుంది. నాకు అదే ఒళ్ళు మండేది. ఏమన్నా రాసుకుంటుంది. దెప్పినా రాసుకుంటుంది, నిట్టూర్చినా రాసుకుంటుంది. మనిషన్నాక ఒక్కసారైనా తిరిగి అనాలి కదా.

మూడో వారంలో ఒకరోజు కుండపోతగా వాన. వాన పడితే ఇక్కడ ఎవరూ ఆగలేరు, పూరీల్లాంటి టోర్తా ఫ్రీతాలు వేయించి చక్కెర చల్లాల్సిందే. నిబియా గారు ఇంటినుంచి డబ్బా నిండా తెచ్చారు. పదింటికి మహేలా, ఆ రోజు ఇంటినుంచి నేరుగా, జుట్టంతా తడిసి, ల్యాప్‌టాప్ మాత్రం కోటు లోపల పొడిగా దాచుకుని వచ్చింది. నేను పేపర్ నాప్‌కిన్లు ఒక కట్ట అందించాను. తర్వాత వేడివేడి టోర్తా ఒకటి ఇచ్చాను. నోటి నిండా పెట్టుకుని, “ఇవాళ మీ సంతోషం?” అని అడిగింది. చక్కెర ముక్కుకు అంటుకుంది.

“ఏడు,” అన్నాను, నాకే తెలియకుండా.

ఆమె కలం ఆపి నా వంక చూసింది. “ఏడా?”

“టోర్తా బాగుంది.”

“అవును,” అని నవ్వింది. రాసుకోలేదు.

ఆ తర్వాతి గురువారం ఆమె రాలేదు. జ్వరమట. ఆ రోజు నేను ఇద్దరు విద్యార్థులను కసిరి, ఒకడి ఫారాన్ని తప్పు ఫైలులో పెట్టి, స్టాంపు కింద వేలు పెట్టుకున్నాను.

“ఇస్త్రీ చొక్కా వేసుకొస్తే ఎవరూ చూడలేదనా?” అని అడిగారు నిబియా గారు.

“చొక్కాలన్నీ ఇస్త్రీవే.”

“నాలుగేళ్ళనుంచి చూస్తున్నాను నాయనా. ఇస్త్రీ పెట్టె నీకు మూడు వారాల కిందటే దొరికింది.”

ఆరో వారం సోమవారం ఎల్బియో గారు నన్ను లోపలికి పిలిచి, కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో మూడిందన్నమాటే.

“విల్మర్, శుభవార్త. నిన్ను కౌంటర్ నుంచి తప్పిస్తున్నాం. వచ్చే సోమవారం నుంచి రేవు పక్క బిల్డింగులో, సెల్లార్‌లో, పాత రికార్డుల దగ్గర. అక్కడ ఎవరూ రారు. ప్రశాంతం.”

“నేనేం చేశాను?”

“నువ్వేం చెయ్యలేదు, నీ గుండె చేసింది.” ఆయన ఒక కాగితం తోశారు. మహేలా ఇచ్చిన మధ్యంతర నివేదిక. పేర్లేమీ లేవు. ‘ఐదో నంబరు వ్యక్తికి రోజూ పది గంటలకు కౌంటర్ వద్ద నాడి నూట పద్దెనిమిది దాటుతోంది, ఇరవై నిమిషాల వరకు తగ్గడం లేదు. ఒత్తిడి తీవ్రం. ఈ వ్యక్తికి కౌంటర్ పని తగ్గించడం మేలు.’

పేర్లు దాచింది మహాతల్లి, నంబర్లు మాత్రం కిటికీల ప్రకారం ఇచ్చింది.

సెల్లార్ కోసం నాలుగేళ్ళుగా నేనే మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడూ చెత్తబుట్టలోకే పోయాయి. ఇప్పుడు, ఈ కిటికీ వదిలితే పదింటికి ఆ మనిషి మొహం మళ్ళీ కనబడదని తెలిశాక, వద్దన్నా ఇస్తున్నారు. ఎవరిమీద అరవాలో కూడా తోచలేదు.

మహేలా పదింటికి రాగానే, క్యూలోవాళ్ళను పక్క కిటికీకి పంపి నివేదిక ఆమె ముందు పడేశాను.

“ఇది మీరు రాసిందేనా?”

ఆమె మొహం పాలిపోయింది. “ఇది మీరని వాళ్ళకెలా తెలిసింది?”

“ఐదో కిటికీ, ఐదో నంబరు. దీనికి డాక్టరేట్ అక్కర్లేదు.”

“క్షమించండి. అంత ఆలోచించలేదు. కానీ మీ మంచికే రాశాను. మీ నాడి అలా ఉంటే నాకు భయం వేసింది. ఈ క్యూ మిమ్మల్ని తినేస్తోంది విల్మర్.”

“క్యూ ఎనిమిదింటికే వస్తుంది. ఎనిమిదింటికి నా నాడి ఎంత?”

ఆమె ల్యాప్‌టాప్‌లో చూసింది. “డెబ్భై ఆరు.”

“పదకొండింటికి?”

“ఎనభై.”

“అప్పుడూ అదే క్యూ, అవే తిట్లు. మరి పదింటికి ఇక్కడ కొత్తగా ఏం జరుగుతుంది?”

“అదే నాకూ తెలియడం లేదు.”

“మీరు వస్తారు.”

పక్క కిటికీలో నిబియా గారి స్టాంపు చప్పుడు ఆగిపోయింది. మహేలా ల్యాప్‌టాప్ మూసేసింది. చెవులు ఎర్రబడ్డాయి. అంత మాట అనేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బల్లమీద ఉన్న బుర్ర తీసి గొట్టం నోట్లో పెట్టుకున్నాను.

ఆమె కళ్ళు నా మొహం మీదనుంచి బుర్ర మీదకు దిగి, అక్కడే ఉండిపోయాయి.

“అదేంటి?”

“ఏంటేంటి? మాతే.”

“పన్నెండుకు ముందు తాగుతున్నారా?”

“ఏడింటినుంచి. తొమ్మిదిన్నరకి రెండో ఫ్లాస్కు.”

“కాఫీ, టీ తాగొద్దని సంతకం పెట్టారు.”

“తాగలేదు. ఐదు వారాలు, ఒట్టు. నిబియా గారిని అడగండి.”

“ఒక్క చుక్క ముట్టలేదమ్మా మేము,” అన్నారు నిబియా గారు గర్వంగా. “నిఖార్సైన మాతే ఒక్కటే.”

మహేలా మెల్లగా కుర్చీలో కూలబడింది. మాతే తాగితే గుండె దడ పెరుగుతుంది, కాఫీ లాగే. ఆ నియమాల కాగితం ఎక్కడో యూరప్‌లో తయారైంది. అక్కడివాళ్ళకు మాతే తెలియదు. ఆమె దాన్ని మా భాషలోకి మార్చింది, ముగ్గురు ప్రొఫెసర్లు చదివి సంతకాలు పెట్టారు. నలుగురి చేతుల్లోనూ బుర్రలున్నాయి. తాగేవాటిలో మాతే కూడా ఒకటని ఒక్కరికీ తట్టలేదు. దాన్ని మేమెవరమూ తాగేదిగా లెక్కపెట్టం.

“నేనే మొదటిరోజు ఇక్కడ తాగాను,” అంది గొణుగుతున్నట్టు. “యూనివర్సిటీ మొత్తం మీద అరవై మంది. ఐదు వారాలు. అన్నీ పనికిరావు. డిసెంబరులో నా గడువు.”

“మహేలా.”

“పది గంటల ముందు రెండో ఫ్లాస్కు. అదన్నమాట సంగతి.”

“మహేలా, నేను ఇందాక ఒక మాట చెప్పాను. విన్నావా అసలు?”

ఆమె తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అయినా పంతులమ్మ గొంతే. “విన్నాను. కానీ అది రుజువు కాలేదు. నీ నాడి పెరిగింది నా వల్లో, మాతే వల్లో ఇప్పుడెవరు చెప్పగలరు?”

మనసు విప్పి చెప్పుకుంటే ఆకు పొడితో పోటీ పెట్టింది నన్ను. ఇరవై తొమ్మిదేళ్ళలో నాకెప్పుడూ అంత మండలేదు. ఆ మంటలోనే అన్నాను, “సరే. ఈ వారం మాతే మానేస్తాను. చూసుకో.”

“నువ్వొక్కడివే మానితే చాలదు. పోల్చడానికి అందరూ మానాలి.”

మోంతేవిదేయోలో ఒక ఆఫీసు మొత్తాన్ని పన్నెండు దాకా మాతే మానమని అడగటం ఎలాంటిదో, అడిగినవాడిగా నాకు తెలుసు. “నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన కూడా ఇంత అడగలేదురా,” అన్నారు నిబియా గారు. నా మొహం చూసి, ఫ్లాస్కు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి, తాళంచెవి మహేలా చేతిలో పెట్టారు. మిగిలినవాళ్ళు ఆవిడకు భయపడి ఒప్పుకున్నారు. ఎల్బియో గారు బదిలీని శుక్రవారం దాకా ఆపారు. “లెక్క మారకపోతే సోమవారం సెల్లార్,” అన్నారు.

ఆ వారం గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మంగళవారానికి అందరికీ తలనొప్పి. బుధవారం ఎల్బియో గారు ప్రింటరు మీద అరిచారు. గురువారం ప్రింటరు నిజంగానే చెడిపోయింది. మహేలా రోజూ పదింటికి వచ్చి, నా మొహం చూడకుండా తొమ్మిది ప్రశ్నలూ అడిగేది.

“సంతోషం, ఒకటి నుంచి పది వరకు?”

“మాతే లేదు, నువ్వు మాట్లాడవు. ఒకటి.”

“ఫలితం వచ్చేదాకా నేను మాట్లాడకూడదు. లెక్క పాడవుతుంది.” తొందరగా వెళ్ళిపోయేది. నివేదిక తప్పితే తన చదువు పోతుంది, లెక్క మారకపోతే నేను పోతాను. ఆ మాట ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరి మధ్యా ఆ తొమ్మిది ప్రశ్నలే.

శుక్రవారం బస్సుల సమ్మె. ఊళ్ళో ఎవరూ కదల్లేదు. నా కిటికీ ముందు ఒక్క విద్యార్థి లేడు. మేం ఎనిమిది మందిమీ కాళ్ళీడ్చుకుంటూ నడిచి వచ్చాం. మహేలా పదింటికే వచ్చింది. పట్టీలన్నీ తీసుకుని, మూల బల్ల దగ్గర రెండు గంటలు కూర్చుంది. పన్నెండు కొట్టగానే వచ్చి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

“ఏడుగురికి పొద్దుటి నాడి బాగా తగ్గింది,” అంది. “అంటే మాతే ప్రభావం ఉంది. ఐదు వారాలు దానితో, ఒక వారం అది లేకుండా. ఈ పోలిక ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదట. ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. ఇదే ఒక అధ్యాయం అవుతుందన్నారు.”

“నీ చదువు నిలబడింది.”

“నిలబడింది.” ఆమె వేలు ఒక గీత మీద ఆగింది. “ఐదో నంబరు.”

ఎనిమిదింటికి డెబ్భై, తొమ్మిదింటికి డెబ్భై. పదింటికి నూట ఇరవై నాలుగు.

“పెరిగిందే,” అన్నాను.

“మాతే లేదు.”

“క్యూ ఉండొచ్చు.”

“ఇవాళ క్యూ కూడా లేదు,” అంది. ఆ గొంతులో పంతులమ్మ లేదు.

ఆ గీత కింద ఇంకో గీత కనబడింది. తొమ్మిదో నంబరు. మా ఆఫీసులో మేం ఎనిమిది మందిమే.

“ఇదెవరిది?”

“నాది. పోలిక కోసం నేనూ ఒకటి పెట్టుకున్నాను, మొదటినుంచీ.” ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది. పట్టీ ఉంది. “చూడకూడదనుకున్నాను. ఇవాళ చూశాను.”

ఆ గీత తొమ్మిదీ యాభై ఐదుకే నిటారుగా లేచి ఉంది. రోజూ అంతే, ఆరు వారాలు.

“మెట్లెక్కి వస్తాను కదా, అందుకని,” అంది తల దించుకుని.

“మీ డిపార్ట్‌మెంట్ ఈ బిల్డింగులోనే మూడో అంతస్తు. నువ్వు మెట్లు దిగి వస్తావు.”

ఆమె నవ్వేసింది. ఆ నవ్వు చూడటానికి ఆరు వారాలు పట్టీ కట్టుకున్నాను, ఇంకో ఆరు కట్టుకోమన్నా కట్టుకుంటాను. “ఇప్పుడు రుజువైందా?” అని అడిగాను.

“ఐదో నంబరు వ్యక్తిని కౌంటర్ నుంచి కదపకూడదని రాసి ఎల్బియో గారికి ఇచ్చేశాను,” అంది. “కారణం రాయలేదు.”

“కారణం ఆఫీసంతా విందిలే,” అంటూ నిబియా గారు చెయ్యి చాపారు. మహేలా జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. ఫ్లాస్కు బయటికి వచ్చింది, నీళ్ళు కాగాయి. నిబియా గారు మొదటి బుర్ర తాను తాగి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఫ్లాస్కునూ బుర్రనూ నా చేతుల్లో పెట్టారు. “ఇవాళ నువ్వు పొయ్యరా.”

నేను పోసి మహేలాకు ఇచ్చాను. గొట్టం చివర గుర్రుమని చప్పుడు వచ్చేదాకా తాగి, బుర్ర తిరిగి ఇచ్చింది. నేను చెయ్యి చాచి ఎదురుచూశాను. నిబియా గారు కూడా స్టాంపు పట్టుకుని ఎదురుచూశారు.

మహేలా థాంక్స్ అనలేదు. కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది.

నేను మళ్ళీ నీళ్ళు పోశాను.